విన్నమాట తిరిగి చెప్పండి



ఉద్యోగంలో ఇంగ్లీషు అనగానే మనవాళ్లకి మాట్లాడటం గురించే బెంగ. గ్రామరు తప్పుతుందేమో. మాట తడబడుతుందేమో. పక్కవాళ్లు నవ్వుకుంటారేమో. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే దాన్ని కాబట్టి ఈ బెంగని రోజూ దగ్గర్నించి చూస్తూనే ఉంటాను. ఒక్క మాట చెప్పనా? గ్రామరు తప్పినందుకు ఆఫీసులో పని ఆగిపోవడం చాలా అరుదు. చెప్పింది ఒకటి, విన్నది ఇంకొకటి అయినప్పుడే పని ఆగిపోతుంది. పైగా ఆ తేడా వచ్చిందని ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు పోయాక బయటపడుతుంది. అప్పటికి చెయ్యగలిగేది ఏమీ ఉండదు.

దీనికి ఓ అలవాటు ఉంది. చాలా చిన్నది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. విన్నమాటని తిరిగి చెప్పడం. ఇంతే. ఎవరైనా మీకో పని చెప్పారు. విన్నారు. 'ఎస్ సార్' అని ఫోన్ పెట్టెయ్యకుండా, మీకు ఏం అర్థమైందో ఆ ముక్క వాళ్లకే తిరిగి చెప్తారు. వాళ్లు 'అవును, అదే' అన్నాక అప్పుడు పెట్టేస్తారు.

ఈ పని మనకి కొత్తేమీ కాదు. పొద్దున్నే ఏ టిఫిన్ హోటల్‌కి వెళ్లినా కళ్లారా చూడొచ్చు. నలుగురు కలిసి వెళ్లారనుకోండి. ఒకాయన ఇడ్లీ అంటాడు. ఒకావిడ పెసరట్టు, ఉల్లిపాయ వద్దు అంటుంది. మూడో ఆయన ముందు పూరీ అని, మళ్లీ 'కాదులే, ఉప్మా పెసరట్టు' అంటాడు. నాలుగో ఆయన ఫోన్లో మాట్లాడుతూ చేత్తో ఏదో సైగ చేస్తాడు. సర్వర్ చేతిలో కాగితం లేదు, పెన్ను లేదు. అంతా విన్నాడు. వెళ్లబోయే ముందు ఒక్కసారి అప్పజెప్తాడు. 'ఒక ఇడ్లీ, ఉల్లి లేకుండా ఒక పెసరట్టు, ఒక ఉప్మా పెసరట్టు, సార్‌కి కాఫీ ఒక్కటే. అంతేనాండీ?' అప్పుడు ఫోన్లో ఉన్నాయన తల తిప్పి 'కాఫీ తర్వాత, ముందు నాక్కూడా ఇడ్లీయే' అంటాడు.

చూశారా, ఏం జరిగిందో? పొరపాటు వంటింటి దాకా వెళ్లకుండా బల్ల దగ్గరే ఆగిపోయింది. పెనం మీద ఉల్లిపాయ చల్లాక దాన్ని ఏరడం ఎవరి తరమూ కాదు. అంతకుముందే దిద్దుకోవాలి. ఆ సర్వర్ అలా తిరిగి చెప్పినందుకు, పాపం ఇతనికి తెలుగు సరిగ్గా రాదు కాబోలు అని మనలో ఎవరైనా అనుకున్నామా? లేదు. పనిమంతుడు అనుకున్నాం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మన భయమంతా ఇక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఆఫీసులో ఓ ఫోన్ కాల్ చూద్దాం. మాదాపూర్‌లో ఓ కంపెనీ అనుకోండి. అకౌంట్స్‌లో ఓ అమ్మాయి కొత్తగా చేరింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. లెక్కల్లో దిట్ట. లండన్ నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు. ఆ రోజు తొమ్మిదో తారీఖు. 'ప్లీజ్ సెండ్ మి ఆల్ ద ఇన్‌వాయిసెస్ బై ద థర్టీన్త్' అన్నాడు. పదమూడో తారీఖుకల్లా బిల్లులన్నీ పంపమన్నాడన్నమాట. అమ్మాయికి వినపడింది థర్టీయెత్. అంటే ముప్పయ్యో తారీఖు. 'ఎస్ సార్, ష్యూర్ సార్' అంది. 'గ్రేట్' అన్నాడాయన. ఇద్దరూ సంతోషంగా ఫోన్ పెట్టేశారు.

పదమూడో తారీఖు వచ్చింది. ఆయన మెయిల్ కోసం చూస్తున్నాడు. అమ్మాయేమో ఇంకా పదిహేడు రోజులుందని నింపాదిగా ఒక్కో బిల్లూ సరిచూసుకుంటోంది. ఆయన దృష్టిలో ఆమె మాట నిలబెట్టుకోని మనిషి. ఆమె దృష్టిలో ఆయన చెప్పకుండా తొందరపెట్టే మనిషి. నిజానికి ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ పని మీద శ్రద్ధ ఉన్నవాళ్లే.

అదే అమ్మాయి ఫోన్ పెట్టే ముందు ఒక్క మాట అనుంటే? 'థర్టీయెత్. త్రీ జీరో. మండే. ఈజ్ దట్ రైట్?' అనుంటే? ఆయన వెంటనే 'నో, నో. వన్ త్రీ. దిస్ ఫ్రైడే' అనేవాడు. అక్కడితో సరి. గమనించండి, ఆమె తిరిగి చెప్పింది తప్పే. తప్పు చెప్పినా ఫరవాలేదు. తప్పు పైకి రావడమే మనకి కావాలి. మనసులో పెట్టుకున్న తప్పుని ఎవరూ దిద్దలేరు. పైకి చెప్పిన తప్పుని ఎదుటివాళ్లు అక్కడే దిద్దుతారు.

ఇంకోటి కూడా చూడండి. తారీఖుకి పక్కనే వారం చెప్పింది. అంకెల్ని విడదీసి చెప్పింది. త్రీ జీరో అని. థర్టీన్, థర్టీ. ఫిఫ్టీన్, ఫిఫ్టీ. ఈ జంటలు ఫోన్లో ఒక్కలాగే వినిపిస్తాయి. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు కూడా వీటి దగ్గర పొరపాటు పడతారు. అందుకని అంకెని ఎప్పుడూ రెండు రకాలుగా చెప్పండి. ఫిఫ్టీన్ అన్నాక, వన్ ఫైవ్ అనండి. తారీఖు చెప్పాక, వారం చెప్పండి. నెలని అంకెతో కాకుండా పేరుతో చెప్పండి. 5/6 అని రాస్తే మనకి జూన్ అయిదు. అమెరికా వాళ్లకి మే ఆరు. జూన్ ఫిఫ్త్ అన్నారనుకోండి, ఇక ఎవరికీ పేచీ లేదు.

మరి ఇంత తేలికైన పనిని మనం ఎందుకు చెయ్యం? దీనికి కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదని నా నమ్మకం. మనకి రెండు పాత అలవాట్లున్నాయి.

మొదటిది ఊకొట్టడం. చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెప్తుంటే ఊఁ కొట్టేవాళ్లం కదా. ఊఁ ఆగిపోతే కథ ఆగిపోయేది. నిద్రపోయావట్రా అని అడిగేది. ఊఁ అంటే 'వింటున్నాను, చెప్పు' అని. అంతకుమించి ఏమీ లేదు. పెద్దయ్యాక ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ ఊఁ స్థానంలోకి ఎస్ వచ్చి కూర్చుంది. అవతలాయన మాట్లాడుతున్నంతసేపూ ఎస్, ఎస్, ఎస్ సార్, ఓకే సార్ అంటూ ఉంటాం. మన లెక్కలో అది ఊకొట్టడం. ఆయన లెక్కలో అది ఒప్పుకోవడం. 'రేపటికల్లా అయిపోవాలి' అంటే ఎస్. 'మీరొక్కరే చూసుకోవాలి' అంటే ఎస్. ఆయన దగ్గర ఇప్పుడు మీ ఒప్పుకోళ్లు ఆరున్నాయి. మీకు ఒక్కటీ గుర్తు లేదు.

రెండో అలవాటు బళ్లో పడింది. మాస్టారు పాఠం చెప్పి 'అర్థమైందా?' అంటారు. క్లాసంతా ఒక్క గొంతుతో 'అర్థమైంది సార్' అంటుంది. కాలేదని లేచి నిలబడినవాడికి ఏమవుతుందో అందరికీ తెలుసు. 'ఇంతసేపూ ఏం వింటున్నావ్?' అని తిట్లు. పదేళ్లూ పన్నెండేళ్లూ ఇలా పెరిగిన పిల్లలు ఉద్యోగంలో చేరాక ఒక్కరోజులో ఎలా మారతారు? మేనేజర్ 'ఈజ్ దట్ క్లియర్?' అని అడగ్గానే నోటికి ఆ పాత జవాబే వస్తుంది. క్లియర్ సార్. నాకు ఈ పిల్లల మీద కోపం రాదు. వాళ్లకి బళ్లో నేర్పింది అదే. నేర్పినవాళ్లం మనమే.

సరే. తిరిగి చెప్పడానికి ఎంత ఇంగ్లీషు కావాలి? చాలా కొంచెం. ఒక్క వాక్యం చాలు. కాగితం దగ్గరుంటే తెలుగులోనే రాసుకోండి. 'లెట్ మి రిపీట్ దట్.' ఒకసారి తిరిగి చెప్తానండీ అని అర్థం. లెట్ మి రిపీట్ దట్. దాని తర్వాత మీరు విన్నది చెప్పండి. ఏం చెయ్యాలి, ఎవరికి పంపాలి, ఎప్పటికి కావాలి. ఈ మూడూ వస్తే చాలు. చివర్లో 'ఈజ్ దట్ రైట్?' అనండి. అంతేనాండీ అని.

ఉదాహరణకి: 'లెట్ మి రిపీట్ దట్. ఐ విల్ సెండ్ ద ఇన్‌వాయిసెస్, టు యూ, బై ఫ్రైడే ద థర్టీన్త్. ఈజ్ దట్ రైట్?' ఇందులో కష్టమైన మాట ఒక్కటైనా ఉందా? చాలావరకు ఆయన వాడిన మాటలే. వాటినే ఆయన చేతిలో పెట్టాం. భాష రానివాళ్లకి ఇంతకంటే చేదోడు ఇంకోటి లేదు. మనం కొత్త మాటలు వెతుక్కోనక్కర్లేదు. ఎదుటివాళ్లే ఇచ్చారు.

ఇది ఆఫీసుల కోసం ఎవరో ఇవాళ కనిపెట్టిన సంగతి కాదు. ప్రాణాల మీదికి వచ్చే చోట ఇది నియమం. విమానం నడిపేవాళ్లూ, కింద కంట్రోల్ టవర్లో కూర్చునేవాళ్లూ రోజంతా చేసే పనే ఇది. ఎంత ఎత్తులో వెళ్లాలో, ఏ రన్‌వే మీద దిగాలో టవర్ నుంచి చెప్తారు. పైలట్ ఆ అంకెలతో సహా తిరిగి చెప్పాలి. ఓకే అంటే కుదరదు. దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. పైలట్ తిరిగి చెప్పేది టవర్లో మనిషి చెవి పెట్టి వినాలి. తప్పుంటే అప్పటికప్పుడు దిద్దాలి. అంకెలు కలిసిపోకుండా వాటిని పలికే తీరు కూడా వేరే ఉంది. నైన్‌ని నైనర్ అంటారు. ఫైవ్‌ని ఫైఫ్ అంటారు. వినేవాడి చెవికి తేడా తెలియాలని.

ఈ నియమాలు ఇంత కట్టుదిట్టం కావడం వెనక ఓ పెద్ద విషాదం ఉంది. 1977 మార్చి 27. అట్లాంటిక్ సముద్రంలో స్పెయిన్‌కి చెందిన కానరీ దీవులు. అక్కడ టెనెరిఫే అనే దీవి. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలింది. అక్కడ దిగాల్సిన విమానాలన్నీ ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లాయి. స్థలం చాలడం లేదు. పొగమంచు కమ్మింది. రెండు పెద్ద బోయింగ్ 747 విమానాలు ఒకే రన్‌వే మీద ఉన్నాయి. ఒకటి నెదర్లాండ్స్‌కి చెందిన కేఎల్ఎం వాళ్లది. ఆ చివర లేవడానికి సిద్ధంగా నిలబడింది. రెండోది అమెరికాకి చెందిన పాన్ ఆమ్ వాళ్లది. అదే రన్‌వే మీద ఇంకా నెమ్మదిగా కదులుతోంది. మంచులో ఒకదానికి ఒకటి కనపడవు.

టవర్ వాళ్లు కేఎల్ఎం విమానానికి, గాల్లోకి లేచాక ఏ దారిన వెళ్లాలో చెప్పారు. లేవమని చెప్పలేదు. కేఎల్ఎం కోపైలట్ ఆ దారి వివరాలు తిరిగి చెప్పాడు. చివర్లో, మేమిప్పుడు టేకాఫ్ దగ్గరున్నాం అనే అర్థం వచ్చే మాట ఒకటి కలిపాడు. లేవడానికి సిద్ధంగా నిలబడ్డారు కాబోలు అనుకున్నాడు టవర్లో మనిషి. నిజానికి విమానం అప్పటికే కదిలింది. టవర్లో మనిషి ముందు 'ఓకే' అన్నాడు. తర్వాత, ఆగండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో పాన్ ఆమ్ వాళ్లు, మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని చెప్పారు. రేడియోలో రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కీచుమన్న చప్పుడు వచ్చింది. కేఎల్ఎం వాళ్లకి స్పష్టంగా వినపడింది ఒక్కటే మాట. ఓకే.

583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఒక ప్రమాదంలో అంతమంది చనిపోవడం మరెప్పుడూ జరగలేదు.

కారణాలు చాలా ఉన్నాయి. మంచు ఉంది, తొందర ఉంది, ఇరుకు ఉంది. కానీ ఈ మాటల ముక్కని నేను నా క్లాసులో తప్పకుండా చెప్తాను. టవర్లో ఉన్నది స్పానిష్ మాట్లాడే మనిషి. విమానంలో ఉన్నది డచ్ మాట్లాడే మనుషులు. మధ్యలో ఇంగ్లీషు. ఇద్దరికీ అది నేర్చుకున్న భాషే. మన ఆఫీసుల్లో జరిగేది అదే కదండీ. ఇక్కడ తెలుగమ్మాయి. అక్కడ జర్మనీ అబ్బాయో, జపాన్ పెద్దమనిషో. మధ్యలో ఇంగ్లీషు.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. కేఎల్ఎం కోపైలట్ తిరిగి చెప్పాడు. చెప్పలేదని కాదు. కానీ దానికి వచ్చిన జవాబు ఒట్టి ఓకే. దేనికి ఓకే? దారికా, కదలడానికా? అందుకని తిరిగి చెప్పడం సగం పనే. ఎదుటివాళ్లు ఆ మాటని అందుకుని, అవును ఇదే అని విడమరిచి అనేదాకా ఆగడం మిగతా సగం. మీరు తిరిగి చెప్పాక అవతల నుంచి 'ఊఁ, ఓకే, ఓకే' అని వస్తే తృప్తి పడకండి. ముఖ్యమైన ముక్కని విడిగా మళ్లీ అడగండి. 'సో, ఫ్రైడే?' అనండి. 'ఎస్, ఫ్రైడే' అని వాళ్ల నోటితో రావాలి.

ఆ ప్రమాదం తర్వాత విమానాల మాటల్లో మార్పులు తెచ్చారు. టేకాఫ్ అన్న మాటని, నిజంగా లేవమని అనుమతి ఇచ్చేటప్పుడూ, ఆ అనుమతిని వెనక్కి తీసుకునేటప్పుడూ తప్ప వాడకూడదు. మిగతా అన్నిచోట్లా డిపార్చర్ అనాలి. మన దేశంలోనూ ఇలాంటి విషాదం జరిగింది. 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఆకాశంలోనే ఢీకొన్నాయి. 349 మంది పోయారు. ఒకటి సౌదీ విమానం. ఇంకోటి కజకిస్థాన్ విమానం. అది తనకి చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు అంతంతమాత్రంగా రావడం గురించి కూడా అప్పుడు చాలా చర్చ జరిగింది. ఆ తర్వాతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకీ, కంట్రోలర్లకీ ఇంగ్లీషు పరీక్ష పెట్టింది. 2008 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు స్థాయిల్లో నాలుగోది ఉంటే చాలన్నారు. ఆ పరీక్షలో మన యాస అడ్డు కాదు. యాస ఉండొచ్చు. మాట అర్థం కావాలి. అర్థం కానప్పుడు అడిగి తేల్చుకోవడం రావాలి. అదీ వాళ్లు చూసేది.

మరి మన ఆఫీసులో యాస గురించి ఇంత సిగ్గెందుకు?

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఇంకో సంగతి చెప్తాను. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో స్పెషల్ ఇంగ్లీష్ అని కార్యక్రమాలు మొదలుపెట్టింది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం. దాదాపు 1500 మాటలు. పొట్టి వాక్యాలు. నెమ్మదిగా చదవడం. అంతే. వాటితోనే ప్రపంచ వార్తలన్నీ చెప్పారు. పెద్ద మాటలు వస్తే తప్ప పని నడవదనుకునేవాళ్లకి ఇది నేను తరచూ చెప్తుంటాను. కొద్ది మాటలు చాలు. వాటిని నిదానంగా, పూర్తిగా చెప్పాలి.

పూర్తిగా అన్నాను కదా. దీని గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. ఎస్, నో అని ఒక్క ముక్కతో వదిలేస్తే మన తెలుగు మనల్ని ఓ చోట ముంచుతుంది. ఎక్కడో చూడండి. 'నా మెయిల్ రాలేదా?' అని తెలుగులో అడిగారు. రాలేదు. మనమేమంటాం? 'అవునండీ, రాలేదు' అంటాం. తెలుగులో అది సబబే. ఇప్పుడు ఇంగ్లీషులో అడిగారు. 'డిడ్న్ట్ యూ గెట్ మై మెయిల్?' మనవాడు అదే ఊపులో 'ఎస్ సార్' అంటాడు. రాలేదని చెప్పానని వాడి ధీమా. ఆయనకి అర్థమయ్యేదేమిటి? ఎస్ అంటే వచ్చింది. వచ్చింది కదా, ఇక చూసుకుంటాడులే అని ఆయన వెళ్లిపోతాడు. మెయిల్ రానేలేదు.

ఇంకోటి. 'డు యూ మైండ్ ఇఫ్ ఐ కాల్ యూ ఎట్ ఎయిట్?' అంటారు. ఎనిమిదింటికి ఫోన్ చేస్తే మీకేమైనా ఇబ్బందా అని. మనం గౌరవంగా 'ఎస్ సార్, ఎస్ సార్' అంటాం. అవును, ఇబ్బందే అని చెప్పినట్టయింది. ఆయన నొచ్చుకుంటాడు. ఎందుకు నొచ్చుకున్నాడో మనకి తెలియదు.

వీటికి సూత్రాలు బట్టీ పట్టకండి. ఫోన్లో ఆ సూత్రాలు గుర్తు రావు. ఇందాకటి అలవాటే ఇక్కడా కాపాడుతుంది. ఎస్, నో వదిలేసి సంగతి చెప్పండి. 'ఐ హ్యావ్ నాట్ గాట్ యువర్ మెయిల్.' మీ మెయిల్ నాకు రాలేదు. 'ఎయిట్ ఈజ్ ఫైన్.' ఎనిమిదైతే ఫరవాలేదు. పూర్తి వాక్యం చెప్తే తప్పు అర్థం తియ్యడానికి చోటుండదు.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. ఈ అలవాటు ఆఫీసు పనికే కాదు, మన రాత్రుళ్లకీ, మన ఆదివారాలకీ సంబంధించింది. ఇది నాకు మరీ ముఖ్యం. ఎందుకంటే నిద్రలేని పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. రాత్రి తొమ్మిదింటికి న్యూయార్క్ నుంచి ఫోన్ వస్తుంది. 'కెన్ యూ సెండ్ ఇట్ బై ఎండ్ ఆఫ్ డే?' అంటారు. రోజు ముగిసేలోపు పంపగలరా అని. ఎవరి రోజు? వేసవిలో వాళ్లకీ మనకీ తొమ్మిదిన్నర గంటలు తేడా. చలికాలంలో పదిన్నర. మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి వాళ్లు గడియారాలు మారుస్తారు. వేసవిలో వాళ్ల సాయంత్రం అయిదంటే మనకి తెల్లవారుజామున రెండున్నర. మన పిల్లవాడు ఏమీ అడగడు. ఎస్ అంటాడు. వేడన్నం పక్కకి జరిపి లాప్‌టాప్ తెరుస్తాడు. రెండింటిదాకా కూర్చుని పంపుతాడు. ఆయన దాన్ని చూడకుండానే సాయంత్రం ఆఫీసు కట్టేసి ఇంటికెళ్లిపోతాడు. ఆ మెయిల్ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి చూస్తాడు. అప్పటికి మనకి సాయంత్రం ఆరున్నర. అంటే మర్నాడు ఆఫీసులో పగలంతా కూర్చుని చేసినా సరిపోయేది.

ఒక్క వాక్యం. 'యువర్ ఈవినింగ్ ఆర్ మై ఈవినింగ్?' మీ సాయంత్రమా, నా సాయంత్రమా? లేదంటే, 'విల్ యూ రీడ్ ఇట్ టుడే, ఆర్ టుమారో మార్నింగ్?' ఇవాళే చదువుతారా, రేపు పొద్దున్నా? ఇది ఎదురు చెప్పడం కాదు. పని ఎగ్గొట్టడం అసలే కాదు. ఎప్పుడు కావాలో సరిగ్గా తెలుసుకుని, అప్పటికి బాగా చేసి ఇవ్వడం. నిజంగా ఇవాళే కావాలంటే చెప్తారు. అప్పుడు చేద్దాం. చాలాసార్లు, 'ఓ, టుమారో ఈజ్ ఫైన్' అనే అంటారు. అడగనందువల్ల పోయిన నిద్రలు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో!

కొందరు అడుగుతారు. అసలు అర్థమే కాలేదు, తిరిగి ఏం చెప్పమంటారు మేడమ్ అని. న్యాయమైన ప్రశ్న. అర్థం కానప్పుడు మొత్తం మళ్లీ చెప్పమనకండి. పార్డన్, పార్డన్ అని ఊరికే అనకండి. ఆయన అదే మాటని అదే వేగంతో, ఇంకొంచెం గట్టిగా చెప్తాడు. మీకు మళ్లీ అర్థం కాదు. అర్థమైన ముక్క ముందు చెప్పండి. జారిపోయిన ముక్కని మాత్రం అడగండి. 'ఐ గాట్ ద నేమ్. వాట్ వజ్ ద డేట్?' పేరు అర్థమైంది, తారీఖు ఏమన్నారు? ఇలా అడిగితే ఆయనకి మీరు వింటున్నారని తెలుస్తుంది. ఒక్క తారీఖు చెప్పడం ఆయనకీ తేలిక. చుట్టూ పదిమంది ఉన్న మీటింగ్‌లో కూడా ఇది అడగడానికి సంకోచం ఉండదు. తారీఖు అడిగి రాసుకునేవాణ్ని చూసి ఎవరూ నవ్వరు.

ఫోన్ పెట్టాక రెండు వాక్యాల మెయిల్ పంపండి. పెద్ద ఉత్తరం వద్దు. 'యాజ్ వి డిస్కస్డ్, ఐ విల్ సెండ్ ద ఇన్‌వాయిసెస్ బై ఫ్రైడే, జూన్ థర్టీన్త్.' మాట్లాడుకున్నట్టే శుక్రవారానికి పంపుతాను. ఇది కూడా తిరిగి చెప్పడమే, కాగితం మీద. చెవి మోసం చేసినా కన్ను పట్టుకుంటుంది.

ఇక, పని చెప్పే స్థానంలో ఉన్న పెద్దలకి ఒక విన్నపం. టీమ్ లీడర్లు, సూపర్‌వైజర్లు, టీచర్లు, డాక్టర్లు. దయచేసి 'అర్థమైందా?' అని అడగకండి. దానికి ఒక్కటే జవాబుంది. పిల్లలకి విరేచనాలైనప్పుడు ఇచ్చే ఓఆర్ఎస్ పొడి సంగతే చూడండి. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్ ఇచ్చి, నర్సమ్మ 'అర్థమైందామ్మా?' అంటుంది. ఆ తల్లి 'ఆఁ, అర్థమైందమ్మా' అంటుంది. ఇంటికెళ్లి గ్లాసుడు నీళ్లలో మొత్తం పొడి కలిపేస్తే? అది బిడ్డకి ప్రమాదం. అదే నర్సమ్మ, 'ఇంటికెళ్లాక ఎలా కలుపుతావో నాకు చెప్పమ్మా' అని అడిగితే ఆ తల్లి నోటితోనే గ్లాసో, లీటరో బయటపడుతుంది. వైద్యంలో దీన్ని టీచ్‌బ్యాక్ అంటారు. చాలా దేశాల్లో డాక్టర్లకి, నర్సులకి ఇది నేర్పుతున్నారు.

మీరూ అలాగే అడగండి. 'నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఏం చేస్తావో ఒకసారి చెప్పు' అనండి. చూశారా, బరువు మీ మీద వేసుకున్నారు. అవతలి పిల్లకి సిగ్గు పోయింది. ఇంగ్లీషులో అయితే, 'టెల్ మి వాట్ యూ విల్ డు ఫస్ట్.' ముందుగా ఏం చేస్తావో చెప్పు. ఆ పిల్ల తప్పు చెప్తే కోప్పడకండి. ఒక్కసారి కోప్పడ్డారా, రేపటి నుంచి మీకు మళ్లీ 'ఎస్ సార్' తప్ప ఏమీ వినపడదు.

ఇది సాధన చెయ్యడానికి కోచింగ్ సెంటర్ అక్కర్లేదు. ఇంట్లో ఇద్దరుంటే చాలు. అన్నయ్య పక్క గదిలోంచి ఫోన్ చెయ్యాలి. ఎదురుగా కూర్చుంటే మొహం చూసి సగం అర్థమైపోతుంది, అందుకని పక్క గది. ఇంగ్లీషులో ఒక పని, ఒక పేరు, ఒక తారీఖు చెప్పాలి. చెల్లెలు 'లెట్ మి రిపీట్ దట్' అని తిరిగి చెప్పాలి. అన్నయ్య అప్పుడప్పుడు కావాలనే ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిపేసి చెప్పాలి. పట్టుకుంటుందో లేదో చూడాలి. తర్వాత ఇద్దరూ స్థానాలు మార్చుకోవాలి. మొదట అంకెలతో మొదలుపెట్టండి. అవి గట్టిపడ్డాక పేర్లు, ఆ తర్వాత గంటలు. గంటల దగ్గర న్యూయార్క్, లండన్ కూడా కలపండి. పిల్లలకి లెక్కలూ వస్తాయి.